ఐదు రోజులకు కుటుంబంతో దుబాయ్: చిలమత్తూరు నుంచి బయలుదేరే ముందు ఏమేం సరిచూసుకోవాలి?

చిలమత్తూరు మండలంలోని కొడికొండ చెక్‌పోస్టు దగ్గర 44వ నంబర్ జాతీయ రహదారి ఎక్కితే బెంగళూరు విమానాశ్రయానికి రెండు గంటల లోపే చేరుకోవచ్చు. అక్కడి నుంచి దుబాయ్‌కి విమానంలో సుమారు నాలుగు గంటలు. ఇక్కడి నుంచి విజయవాడ వెళ్లి రావడానికి పట్టే సమయం కన్నా ఇది తక్కువే.

దూరం తక్కువని ప్రయాణం తేలిక అనుకోవద్దు. తమ్ముడో, కొడుకో అక్కడ పనిచేస్తుంటే చూసి రావాలని అమ్మను, పిల్లలను వెంటబెట్టుకుని బయలుదేరే కుటుంబాలకు ఎదురయ్యే ఇబ్బందులు చాలావరకు ఇంటి దగ్గరే మొదలవుతాయి. పాస్‌పోర్టులో ఒక్క పదమే ఉన్న పేరు, సంచిలో పెట్టిన గసగసాల పొట్లం, ఎవరో ఇచ్చి పంపిన పార్సిల్, చూడకుండా తీసుకున్న వీసా... వీటిలో ఏ ఒక్కటైనా ప్రయాణాన్ని ఆపేయగలదు. అందుకే కనీసం రెండు నెలల ముందు నుంచి ఒక్కొక్కటిగా సరిచూసుకోండి.

పాస్‌పోర్టులో పేరు ఎలా ఉంది?

మొదట చూడాల్సింది ఇదే. మన ప్రాంతంలో పెద్దవాళ్లకు, ముఖ్యంగా ఆడవాళ్లకు, ఆధార్‌లో ఒకే పదంతో పేరు ఉండడం మామూలే. కొందరికి ఇంటిపేరు బదులు ఒక్క అక్షరమే ఉంటుంది. ఇలాంటి పేరుతోనే పాస్‌పోర్టు తీసుకుంటే దుబాయ్ ప్రయాణంలో చిక్కు వస్తుంది. పాస్‌పోర్టులో ఒకే పదం పేరుగా ఉన్నవారిని విజిట్, టూరిస్టు వీసాలపై అనుమతించబోమని యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ (యూఏఈ) 2022 నవంబరులో నిబంధన తెచ్చింది. పాస్‌పోర్టు చివరి పేజీలో తండ్రి పేరో, కుటుంబం పేరో ఉంటే దాన్ని పరిగణనలోకి తీసుకుంటామని తర్వాత వెసులుబాటు ఇచ్చారు. కానీ విమానాశ్రయం కౌంటర్ దగ్గర నిలబడి ఈ వెసులుబాటు గురించి వాదించుకునే పరిస్థితి తెచ్చుకోకపోవడమే మేలు.

కొత్తగా దరఖాస్తు చేసేవారు ఇంటిపేరును 'సర్‌నేమ్' గడిలో, అసలు పేరును 'గివెన్ నేమ్' గడిలో పూర్తిగా రాయండి. పొడి అక్షరాలు వద్దు. ముందుగా ఆధార్‌లో పేరు సరిచేయించుకుని ఆ తర్వాతే దరఖాస్తు చేయండి. ఇప్పటికే ఒకే పదంతో పాస్‌పోర్టు ఉంటే రీ-ఇష్యూకు దరఖాస్తు చేసి ఇంటిపేరు చేర్పించుకోవచ్చు. పెళ్లయ్యాక ఆధార్‌లో ఒక ఇంటిపేరు, చదువు సర్టిఫికెట్‌లో మరో ఇంటిపేరు ఉన్న మహిళలు ఏది ఉంచుకోవాలో ముందే తేల్చుకోవాలి. వీసా, టికెట్ రెండింటిలోనూ పాస్‌పోర్టులో ఉన్న పేరే అక్షరం తేడా లేకుండా ఉండాలి.

ఇంట్లో ఇప్పటికే పాస్‌పోర్టులు ఉన్నవారు గడువు తేదీ చూసుకోండి. దుబాయ్‌లో దిగే రోజు నాటికి ఇంకా ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి.

పాస్‌పోర్టుకు ఎక్కడికి వెళ్లాలి? ఎంత కట్టాలి?

విదేశాంగ శాఖకు చెందిన పాస్‌పోర్ట్ సేవా వెబ్‌సైట్‌లోనే దరఖాస్తు చేయాలి. అలాంటి పేర్లతోనే ప్రైవేటు సైట్లు ఎక్కువ డబ్బు వసూలు చేస్తుంటాయి. కాబట్టి చిరునామా చివర 'జీఓవీ డాట్ ఇన్' అని ఉందో లేదో చూడండి. 2018 నుంచి దేశంలో ఏ పాస్‌పోర్ట్ కేంద్రంలోనైనా అపాయింట్‌మెంట్ తీసుకునే వీలుంది. అంటే చిలమత్తూరు వాసులు ఆంధ్రప్రదేశ్‌లోని కేంద్రాలకే పరిమితం కావాల్సిన పని లేదు. తేదీ త్వరగా దొరికితే బెంగళూరు కేంద్రాన్ని కూడా ఎంచుకోవచ్చు. పోలీసు విచారణ మాత్రం దరఖాస్తులో రాసిన ప్రస్తుత చిరునామాలోనే జరుగుతుంది. ఆ విచారణకు ఎవరికీ డబ్బు ఇవ్వాల్సిన అవసరం లేదు.

* పెద్దలకు 36 పేజీల పాస్‌పోర్టు ఫీజు 1,500 రూపాయలు. గడువు పదేళ్లు.
* 18 ఏళ్ల లోపు పిల్లలకు 1,000 రూపాయలు. గడువు అయిదేళ్లు లేదా 18 ఏళ్లు నిండే వరకు, ఏది ముందైతే అది.
* ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు, 60 దాటినవారికి కొత్త పాస్‌పోర్టు ఫీజులో 10 శాతం తగ్గింపు.
* తత్కాల్‌లో అయితే అదనంగా 2,000 రూపాయలు.

పిల్లల దరఖాస్తుకు తల్లిదండ్రులిద్దరి సమ్మతి పత్రం కావాలి. 2023 అక్టోబరు 1న గానీ, ఆ తర్వాత గానీ పుట్టిన పిల్లలకు పుట్టిన తేదీ రుజువుగా జనన ధ్రువీకరణ పత్రం ఒక్కటే చెల్లుతుంది. అది ఇంకా తీసుకోకపోతే ముందుగా సచివాలయానికి వెళ్లి ఆ పని చూసుకోండి. తల్లిదండ్రుల్లో ఒకరే పిల్లలను తీసుకెళ్తుంటే రెండోవారు సంతకం చేసిన అంగీకార పత్రం వెంట ఉంచుకోవడం మంచిది.

అమ్మ పాస్‌పోర్టుపై 'ఈసీఆర్' ముద్ర ఉంది. వెళ్లనిస్తారా?

పదో తరగతి పాస్ కానివారి పాస్‌పోర్టులో 'ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్', అంటే ఈసీఆర్ అని ఉంటుంది. 1983 నాటి వలస చట్టం ప్రకారం యూఏఈ, కువైట్, సౌదీ అరేబియా, ఖతార్, ఒమన్, బహ్రెయిన్ సహా 18 దేశాలకు వీరు ఉద్యోగం కోసం వెళ్లాలంటే ప్రభుత్వ క్లియరెన్స్ తప్పనిసరి. చదువుకోని కూలీలను ఏజెంట్లు మోసం చేయకుండా పెట్టిన రక్షణ ఇది.

చూసి రావడానికి వెళ్లేవారికి ఈ క్లియరెన్స్ అవసరం లేదు. అయితే విజిట్ వీసాపై మనుషులను పనికి పంపే వ్యాపారం సాగుతున్నందున ఈసీఆర్ పాస్‌పోర్టు చూడగానే ఇమిగ్రేషన్ అధికారి ప్రశ్నలు అడుగుతారు. ఎక్కడికి, ఎన్ని రోజులు, ఎవరి దగ్గర ఉంటారు, తిరుగు టికెట్ ఏది అని అడిగితే కంగారు పడకుండా నిజం చెప్పాలి. అమ్మ ఒక్కరినే ముందు వరుసలోకి పంపకండి. కుటుంబమంతా కలిసి కౌంటర్ దగ్గరికి వెళ్లండి. తిరుగు టికెట్, హోటల్ బుకింగ్, దుబాయ్‌లో ఉన్న బంధువు ఎమిరేట్స్ ఐడీ నకలు కాగితం మీద ప్రింట్ తీసి ఆమె చేతిలో కూడా ఒక సెట్ పెట్టండి. ఫోన్‌లో మాత్రమే ఉంటే చార్జింగ్ అయిపోయినప్పుడు చూపించడానికి ఏమీ ఉండదు.

ఇంకో విషయం చాలామందికి తెలియదు. 50 ఏళ్లు దాటినవారికి చదువుతో సంబంధం లేకుండా ఈసీఆర్ మినహాయింపు ఉంది. ఆదాయ పన్ను కట్టేవారికి, 18 ఏళ్ల లోపు పిల్లలకు కూడా ఉంది. అమ్మకు 50 దాటి ఉంటే కొత్త దరఖాస్తులోనే 'నాన్ ఈసీఆర్'కు అర్హురాలినని గుర్తు పెట్టించండి.

వీసా ఎలా తీసుకోవాలి?

సాధారణ భారతీయ పాస్‌పోర్టు ఉన్నవారు బయలుదేరే ముందే వీసా తీసుకోవాలి. అమెరికా, బ్రిటన్, ఐరోపా యూనియన్ వంటి దేశాల వీసా లేదా నివాస కార్డు ఉన్న కొందరికే అక్కడ దిగాక వీసా ఇస్తారు. దుబాయ్ టూరిస్టు వీసాలు ప్రధానంగా 30 రోజులవి, 60 రోజులవి ఉంటాయి. విమాన సంస్థ, ట్రావెల్ ఏజెంట్, హోటల్ ద్వారా తీసుకోవచ్చు. లేదా అక్కడ రెసిడెన్స్ వీసాపై ఉన్న బంధువు దరఖాస్తు చేయవచ్చు. బంధువు పెట్టే దరఖాస్తుకు ఆయన జీతం, మీతో ఉన్న బంధుత్వం లెక్కలోకి వస్తాయి. ఆ అర్హత ఉందో లేదో ఆయన్నే ముందుగా కనుక్కోమనండి.

దరఖాస్తుతోపాటు తిరుగు టికెట్, హోటల్ బుకింగ్ అడుగుతున్నారు. బంధువుల ఇంట్లో ఉంటే ఆ ఇంటి అద్దె ఒప్పందం, వారి ఎమిరేట్స్ ఐడీ చూపాలి. ఇక్కడే మన కుటుంబాలకు ఒక చిక్కు ఉంది. దుబాయ్‌లో పనిచేసే మనవాళ్లలో చాలామంది కంపెనీ ఇచ్చిన గదుల్లో నలుగురైదుగురితో కలిసి ఉంటారు. అక్కడ కుటుంబాన్ని ఉంచనివ్వరు. అద్దె తక్కువని ఒకే ఫ్లాట్‌ను చెక్కలతో విడగొట్టిన గదుల్లో దిగడం కూడా వద్దు. అలాంటి వాటిపై అధికారులు తనిఖీలు చేస్తున్నారు. 'తమ్ముడి గదిలో సర్దుకుంటాం' అనుకోకుండా చిన్నదైనా హోటల్ గది ఖర్చు బడ్జెట్‌లో రాసుకోండి.

వీసా చేతికి వచ్చాక పేరు, పాస్‌పోర్టు నంబరు, పుట్టిన తేదీ పాస్‌పోర్టుతో పోల్చి చూడండి. యూఏఈ ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఆ వీసా అసలైనదేనా అని కూడా తనిఖీ చేసుకోవచ్చు. గడువు దాటి ఉంటే రోజుకు 50 దిర్హమ్‌ల జరిమానా ఉంటుంది. అయిదుగురి కుటుంబానికి అది రోజుకు 250 దిర్హమ్‌లు.

'విజిట్ వీసాపై రండి, పని చూపిస్తాం' అంటే?

వద్దని చెప్పండి. ఇంట్లో ఆడవాళ్లు చూసి రావడానికి వెళ్తున్నారని తెలిసి, 'అక్కడే ఇంటి పనికి కుదురుస్తాం, వీసా తర్వాత మారుస్తాం' అని చెప్పేవాళ్లు తారసపడవచ్చు. విజిట్ వీసాపై పనిచేయడం యూఏఈలో నేరం. అలా పెట్టుకున్న యజమానికి లక్ష నుంచి పది లక్షల దిర్హమ్‌ల వరకు జరిమానా వేసేలా 2024లో చట్టం సవరించారు. పనిచేసే మనిషికి జరిగే నష్టం ఇంకా పెద్దది. రాతపూర్వక ఒప్పందం ఉండదు, జీతం ఇవ్వకపోతే అడిగే దారి ఉండదు, రోజులు గడిచే కొద్దీ జరిమానా పెరుగుతూ పోతుంది. మన ప్రభుత్వం దగ్గర కూడా ఆమె పనికి వెళ్లినట్టు నమోదై ఉండదు.

నిజంగా పనికి వెళ్లాలనుకుంటే దారి వేరే ఉంది. ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో చూడండి. ఏజెంటు తీసుకోగల సేవా రుసుం 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మాత్రమే. అంతకు మించి అడిగితే అనుమానించాల్సిందే.

సామానులో ఏం పెట్టకూడదు?

ఊరి నుంచి వెళ్తూ చేతులు ఊపుకుంటూ వెళ్లలేం. ఓళిగలు, చెనిక్కాయల పొడి, రాగిపిండి, ఊరగాయ కట్టుకుంటాం. వీటికి పెద్దగా ఇబ్బంది లేదు. కానీ ఈ కింది వాటిని ఇంట్లోనే వదిలేయండి.

* గసగసాలు: మనకు వంట దినుసు. యూఏఈలో మాత్రం మత్తుపదార్థాల కిందకు వచ్చే నిషిద్ధ వస్తువు. విడిగానే కాదు, ఇంట్లో దంచిన మసాలా పొడిలో కలిసి ఉన్నా ప్రమాదమే. మసాలా పొడి అక్కడే కొనుక్కోండి.
* తమలపాకులు, పాన్, గుట్కా: దుబాయ్ కస్టమ్స్ నిషేధిత జాబితాలో పాన్, తమలపాకులు ఉన్నాయి. తాంబూలం అలవాటున్న పెద్దవాళ్లకు ముందే చెప్పి ఒప్పించండి. వారి సంచి, చీర కొంగు ముడి కూడా చూడండి.
* ఎండుకొబ్బరి: ఇది దుబాయ్ నిబంధన కాదు, మన విమానాశ్రయాలది. నూనె శాతం వల్ల అంటుకునే గుణం ఉందని చెకిన్ సామానులో అనుమతించడం లేదు.
* పవర్ బ్యాంకు: చెకిన్ పెట్టెలో పెట్టకూడదు. చేతి సంచిలోనే ఉంచాలి.

నెయ్యి, ఊరగాయ చేతి సంచిలో పెడితే తనిఖీలో తీసేస్తారు. గట్టిగా మూత బిగించి, రెండు కవర్లు చుట్టి చెకిన్ పెట్టెలో పెట్టండి.

అన్నిటికన్నా ముఖ్యమైనది మరొకటి ఉంది. 'మా వాడికి ఈ పొట్లం ఇవ్వండి' అని ఎవరైనా ఇస్తే తీసుకోవద్దు. ఇచ్చేది పక్కింటివాళ్లే అయినా మీ ఎదురుగా విప్పి, ప్రతి వస్తువూ చూశాకే మీ పెట్టెలో మీ చేత్తో సర్దుకోండి. కుట్టేసిన సంచి, సీలు వేసిన డబ్బా అసలే వద్దు. మీ పేరున్న పెట్టెలో ఏది దొరికినా దానికి జవాబు చెప్పాల్సింది మీరే. మత్తుపదార్థాల విషయంలో గల్ఫ్ చట్టాలు చాలా కఠినం. తిరుగు ప్రయాణంలో 'ఈ బంగారం కాస్త బెంగళూరులో అందజేయండి' అనేవారికీ ఇదే సమాధానం చెప్పండి.

మందుల సంగతి?

బీపీ, షుగర్ మాత్రలకు సాధారణంగా ఇబ్బంది ఉండదు. అయినా డాక్టరు చీటీ వెంట ఉండాలి. మాత్రలు అసలు స్ట్రిప్‌లోనే ఉండాలి. విడదీసి డబ్బాలో పోసుకుంటే అవేమిటో చెప్పడం కష్టం. కొన్ని మందులు మాత్రం యూఏఈలో నియంత్రిత జాబితాలో ఉన్నాయి. ట్రమడాల్ ఉన్న నొప్పి మాత్రలు, కోడీన్ ఉన్న దగ్గు సిరప్‌లు, నిద్ర పట్టడానికి ఇచ్చే ఆల్ప్రజోలామ్ ఇందులోకి వస్తాయి. షుగర్ ఉన్న పెద్దవాళ్లకు కాళ్ల తిమ్మిర్లు తగ్గడానికి రాసే ప్రీగాబలిన్ కూడా ఇందులోనే ఉంది. ఇవి వాడుతుంటే యూఏఈ ఆరోగ్య శాఖ వెబ్‌సైట్‌లో ముందస్తు అనుమతి తీసుకోండి. లేదా బదులుగా వేరే మందు వాడవచ్చేమో మీ డాక్టరును అడగండి.

ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు విదేశాల్లో పనిచేయదు. అక్కడ ఆస్పత్రి ఖర్చు మన అంచనాకు అందదు. పెద్దవాళ్లు వెంట ఉంటే ప్రయాణ బీమా తప్పనిసరిగా తీసుకోండి. పాలసీ తీసుకునేటప్పుడు వారికి ముందే ఉన్న జబ్బులు దాచకుండా రాయించండి.

డబ్బు ఎలా తీసుకెళ్లాలి?

దిర్హమ్ విలువ డాలరుకు కట్టి ఉంటుంది. ఒక డాలరుకు 3.6725 దిర్హమ్‌లు. ఆ రోజు డాలరు ధరను 3.67తో భాగిస్తే దిర్హమ్ ధర వస్తుంది. డాలరు 90 రూపాయలైతే దిర్హమ్ సుమారు 24 రూపాయల 50 పైసలు. మనీ ఛేంజర్ చెప్పే రేటు దీనికన్నా ఎంత ఎక్కువో చూసి బేరం ఆడండి. చివరి నిమిషంలో విమానాశ్రయంలో మార్చుకుంటే రేటు ఎక్కువ పడుతుంది.

హోటల్‌లో గది అద్దె కాకుండా 'టూరిజం దిర్హమ్' పేరుతో గదికి రాత్రికి 7 నుంచి 20 దిర్హమ్‌ల దాకా విడిగా వసూలు చేస్తారు. హోటల్ స్థాయిని బట్టి ఇది మారుతుంది. ఇక్కడ టూర్ ప్యాకేజీ కొంటే టీసీఎస్ పేరుతో కొంత పన్ను ముందే పట్టుకుంటారు. పాన్ నంబరు ఇచ్చి, రసీదు దాచుకుని, ఆదాయ పన్ను రిటర్న్‌లో సర్దుబాటు చేసుకోవచ్చు.

బెంగళూరు విమానాశ్రయంలో

అంతర్జాతీయ విమానాలన్నీ 2023 సెప్టెంబరు నుంచి టెర్మినల్-2లోనే. విమానం సమయానికి మూడు గంటల ముందు అక్కడ ఉండేలా బయలుదేరండి. కారు మాట్లాడుకుంటే అది టాక్సీ పర్మిట్ ఉన్నదేనా, కర్ణాటకలోకి వెళ్లడానికి పత్రాలు ఉన్నాయా అని అడగండి. బాగేపల్లి దగ్గర ఆగిపోతే విమానం మీ కోసం ఆగదు. ఒంటి మీద బంగారం ఎక్కువగా ఉంటే వెళ్లేటప్పుడే కస్టమ్స్ కౌంటర్‌లో చూపించి ఎగుమతి ధ్రువపత్రం తీసుకోండి. తిరిగి వచ్చినప్పుడు అది మీదేనని చెప్పడానికి ఆ కాగితమే ఆధారం.

దుబాయ్‌లో తిరగడం ఎలా?

నవంబరు నుంచి మార్చి వరకు వాతావరణం అనుకూలం. సంక్రాంతి సెలవులు దీనికి సరిపోతాయి. మే, జూన్‌లలో వెళ్తే 'మనకు ఎండ కొత్తా' అనుకోకండి. మనది పొడి ఎండ, నీడలోకి వెళ్తే ఉపశమనం ఉంటుంది. అక్కడ సముద్రపు ఉక్క తోడవుతుంది, నీడలోనూ చెమట ఆరదు.

బస దేరాలోనో, బర్ దుబాయ్‌లోనో మెట్రో స్టేషన్ పక్కన చూసుకుంటే ఖర్చు, నడక రెండూ తగ్గుతాయి. మెట్రో, బస్సులకు 'నోల్' కార్డు కావాలి. సిల్వర్ కార్డు 25 దిర్హమ్‌లు, అందులో 19 ప్రయాణానికి వాడుకోవచ్చు. దూరాన్ని బట్టి చార్జీ 3, 5, 7.50 దిర్హమ్‌లు. ఒక్కొక్కరికీ విడి కార్డు ఉండాలి. అయిదేళ్ల లోపు పిల్లలకు టికెట్ లేదు. విమానాశ్రయం టెర్మినల్ 1, 3 నుంచి నేరుగా మెట్రో ఉంది. టెర్మినల్ 2కు లేదు, టాక్సీ తీసుకోవాలి.

మెట్రోలో మహిళలకు, పిల్లలకు కేటాయించిన పెట్టెలోకి మగవాళ్లు ఎక్కినా, రైల్లో ఏదైనా తిన్నా, తాగినా 100 దిర్హమ్‌ల జరిమానా. సిగ్నల్ లేని చోట రోడ్డు దాటితే 400. అపరిచితుల ఫొటోలు, ముఖ్యంగా ఆడవాళ్లవి, తీయకండి.

తక్కువ ఖర్చుతో చూసేవి చాలానే ఉన్నాయి. దేరా, బర్ దుబాయ్ మధ్య క్రీక్‌ను 'అబ్రా' పడవలో ఒక్క దిర్హమ్‌కే దాటవచ్చు. 828 మీటర్ల బుర్జ్ ఖలీఫాను కింద నుంచి చూడటానికి టికెట్ అక్కర్లేదు. 2022 అక్టోబరులో తెరిచిన జెబెల్ అలీ హిందూ ఆలయం దుబాయ్‌లోనే ఉంది. 2024 ఫిబ్రవరిలో ప్రారంభమైన స్వామినారాయణ్ ఆలయం మాత్రం అబుదాబిలో ఉంది. దానికి ఒక రోజు కేటాయించాలి.

మీ మనిషికి వారాంతపు సెలవు ఎప్పుడో కనుక్కుని టికెట్లు తీసుకోండి. ప్రభుత్వ కార్యాలయాలకు శని, ఆదివారాలు సెలవే గానీ, నిర్మాణ పనుల్లో ఉన్నవారికి తరచూ ఒక్క రోజే దొరుకుతుంది. అయిదు రోజుల్లో ఆ ఒక్క రోజు తప్పిపోతే వెళ్లిన పని సగం మిగిలిపోతుంది.

అక్కడ వాట్సాప్‌లో సందేశాలు వెళ్తాయి, కాల్స్ సాధారణంగా పనిచేయవు. క్షేమంగా చేరామని మెసేజ్ పెడతామని ఊళ్లోవాళ్లకు ముందే చెప్పండి. ప్లగ్గులు మూడు చదరపు కాళ్లవి, ఒక అడాప్టర్ పెట్టుకోండి. దుబాయ్ సమయం మనకన్నా గంటన్నర వెనక.

తిరిగి వచ్చేటప్పుడు బంగారం తెచ్చుకోవచ్చా?

'ఆడవాళ్లకు 40 గ్రాములు, మగవాళ్లకు 20 గ్రాములు సుంకం లేదు' అనే మాట మీరు వినే ఉంటారు. ఆ రాయితీ ఏడాదికి మించి విదేశంలో ఉండి వచ్చేవారికే. అయిదు రోజులు ఉండి వచ్చేవారికి వర్తించదు. బంగారం కొంటే బిల్లు దగ్గర ఉంచుకుని, బెంగళూరులో ఎరుపు చానల్‌లో చూపించి సుంకం కట్టండి. చూపించకుండా ఆకుపచ్చ చానల్‌లోకి వెళ్లి పట్టుబడితే సరుకు పోవడమే కాక కేసు కూడా అవుతుంది.

ఫోన్‌లోనూ, కాగితం మీదా రాసి పెట్టుకోవాల్సిన నంబర్లు

* దుబాయ్ పోలీసు 999, అంబులెన్సు 998, అగ్నిమాపక 997.
* దుబాయ్‌లోని ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం, టోల్ ఫ్రీ: 800 46342.
* ఏపీఎన్‌ఆర్‌టీ సొసైటీ 24 గంటల హెల్ప్‌లైన్: 0863-2340678. వాట్సాప్: 85000 27678.

పాస్‌పోర్టు పోతే మొదట అక్కడి పోలీసులకు ఫిర్యాదు చేసి, ఆ కాగితంతో భారత కాన్సులేట్‌కు వెళ్లాలి. పాస్‌పోర్టు, వీసా నకళ్లు ఒక సెట్ ఇంటి దగ్గర ఉంచి వెళ్లండి. టికెట్లు కొనే ముందు, మళ్లీ బయలుదేరే వారం ముందు విదేశాంగ శాఖ ప్రయాణ సూచనలు చూడండి. వీసా నిబంధనలు, ఫీజులు మారుతుంటాయి కాబట్టి డబ్బు కట్టే రోజు అధికారిక వెబ్‌సైట్‌లో మరోసారి సరిచూసుకోండి.